ఒంటరిగా చూస్తే లక్ష ఇస్తారన్న సినిమా: పాతికేళ్లుగా చూస్తున్న ‘ఈవిల్ డెడ్’

మా చిన్నప్పుడు హైదరాబాద్ నల్లకుంటలో ‘ఈవిల్ డెడ్’ అనే ఇంగ్లిష్ దయ్యాల సినిమా గురించి ఒక మాట గట్టిగా తిరిగేది. థియేటర్లో ఒక్కడే కూర్చుని దాన్ని మొత్తం చూస్తే లక్ష రూపాయలు ఇస్తారట. ఎవరో ఒప్పుకుని కూర్చుంటే సగంలోనే గుండె ఆగిపోయిందట. ఏ థియేటరో, ఆ లక్ష ఎవరిస్తారో ఎవరికీ తెలీదు. అయినా నమ్మని పిల్లాడు మా గల్లీలో లేడు. 1997 ఎండాకాలం సెలవుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి ఒక రాత్రికి వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్), మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చాడు. రెండు తెలుగు సినిమాలు, మూడోది ఇది. పెద్దవాళ్లు డాబా మీద పడుకున్నాక సౌండు తగ్గించి పెట్టాం.

అప్పటి నుంచి తొమ్మిదిసార్లు చూశాను. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న వీసీడీలో, తర్వాత కంప్యూటర్లో, ఈమధ్య మంచి ప్రింటులో. ఇన్నేళ్ల తర్వాత నా మాట ఇది: ‘ప్రపంచంలోనే అత్యంత భయంకరమైన సినిమా’ అన్న పేరు దీనికి నిలవదు. కానీ తక్కువ డబ్బుతో చేతులతో చేసిన రక్తపాతం సంగతికొస్తే, దీనికి ఎంత పేరు వచ్చినా తక్కువే.

కథ చిన్నది. ఐదుగురు కుర్రాళ్లూ అమ్మాయిలూ అడవిలో పాత చెక్క ఇంటికి వెళ్తారు. నేలమాళిగలో మనిషి చర్మంతో కట్టిన పుస్తకం, ఒక టేప్ రికార్డర్ దొరుకుతాయి. టేపులో ఉన్న మంత్రాలు వినిపించగానే అడవిలో ఉన్న దుష్టశక్తి లేచి ఒక్కొక్కరినీ పట్టుకుంటుంది. అంతే. మొదటి పాతిక నిమిషాలు నెమ్మదిగా సాగుతాయి, కొందరి నటన అతకదు. కొత్తగా చూసేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఆ నెమ్మదిలోనూ పనితనం ఉంది. వాళ్లు ఇంటికి చేరగానే వరండాలో ఉయ్యాల బల్ల తనంతట తనే ఊగుతూ గోడకు కొట్టుకుంటూ ఉంటుంది. తాళంచెవి చేతికి తగలగానే ఠక్కున ఆగిపోతుంది. క్యాసెట్ మీద చూసినప్పుడు ఆ చప్పుడు నాకు వినపడనే లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసినప్పుడు వెన్నులో చలి పుట్టింది.

దీన్ని తీసింది శామ్ రైమీ. తర్వాత 2002లో ‘స్పైడర్‌మ్యాన్’ తీసిన ఆయనే. ఈ సినిమా షూటింగ్ మొదలయ్యేటప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. పెట్టుబడి కోసం ముందు ఒక చిన్న సినిమా తీసి, దాన్ని డాక్టర్లకూ వ్యాపారులకూ చూపించి, కొంచెం కొంచెంగా డబ్బు పోగేశారు. మొత్తం సుమారు 3,75,000 డాలర్లు. 1979 చివర్లో టెన్నెసీలోని ఒక చెక్క ఇంట్లో, గడ్డకట్టే చలిలో, 16 ఎంఎం అనే సన్నటి, చవక ఫిల్మ్ మీద తీశారు. అడవిలోంచి ఏదో నేలకు ఆనుకుని దూసుకొస్తున్నట్టు కనిపించే షాట్లకు ట్రాలీలు, క్రేన్లు లేవు. చెక్కపలక మధ్యలో కెమెరా బిగించి, చెరో చివర ఒకరు పట్టుకుని, పల్లకీ మోసినట్టు మోస్తూ పరుగెత్తారు. ఆ విషయం తెలిశాక ఆ షాట్లంటే నాకు ఇష్టం రెట్టింపైంది. దయ్యాన్ని చూపించే డబ్బు లేక, దయ్యం కళ్లతో మనల్నే చూపించారు.

రక్తం మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు, కాఫీలో వేసుకునే క్రీమ్ పొడి కలిపి చేశారు. హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ చొక్కా ఆ పాకంలో ఎంత నానిందంటే, మంట దగ్గర ఆరబెట్టాక గట్టిపడి విరిగిపోయింది. దయ్యం పట్టినవాళ్ల కళ్లకు పెట్టిన మందపాటి లెన్సులతో నటులకు ఏమీ కనపడేది కాదు. వాళ్ల నడకలో ఉన్న తడబాటు నిజమైనదే అని నాకు అనిపిస్తుంది.

భయం మాత్రం తగ్గింది. మూడోసారి చూసేసరికే గొడ్డలి దెబ్బలు, నేల మీద గిలగిలలాడే ముక్కలు అలవాటైపోయాయి. ఇప్పటికీ అలవాటు కానివి రెండే. ఒకటి, దయ్యం పట్టిన హీరో ప్రియురాలు లిండా గుమ్మం దగ్గర మఠం వేసుకుని కూర్చుని, చిన్నపిల్లలా పాడుతూ నవ్వే నవ్వు. అందులో చుక్క రక్తం లేదు. రెండోది పెన్సిల్. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఒక విషయం ఖచ్చితంగా చెప్పాలి. అడవిలో చెట్ల కొమ్మలు హీరో సోదరి షెరిల్ మీద చేసేది లైంగిక దాడి. పన్నెండేళ్లప్పుడు అది నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక దాన్ని మళ్లీ చూడలేకపోయాను, ప్రతిసారీ ముందుకు జరిపేస్తాను. ఆ సీన్ తీసేసినా కథకు ఏ లోటూ రాదు. ఎవరికైనా చూపించే ముందు ఇది చెప్పి చూపించండి. పిల్లలకు అసలు వద్దు.

ఇదే వరసలో 2023లో వచ్చిన ‘ఈవిల్ డెడ్ రైజ్’ కూడా మల్టీప్లెక్స్‌లో చూశాను. దానికి 6,500 లీటర్ల నకిలీ రక్తం వాడారని వాళ్లే చెప్పుకున్నారు. బాగా తీశారు, సీట్లో కదలకుండా చూశాను. కానీ ఇంటికొచ్చాక అందులో ఏ ఒక్క వస్తువూ నన్ను వెంటాడలేదు.

పోయిన దసరాకి మా అన్నయ్య కొడుకు వచ్చాడు, డిగ్రీ చదువుతున్నాడు. లైట్లు ఆర్పేసి వాడితో కలిసి తొమ్మిదోసారి చూశాను. చివర్లో శరీరాలు కరిగి కుళ్లిపోయే సీను వచ్చినప్పుడు వాడు, “బాబాయ్, ఇది మట్టితో చేశారు కదా?” అన్నాడు. నిజమే, మట్టిబొమ్మలను ఒక్కో ఫ్రేమూ కదిలిస్తూ తీశారు. అది నకిలీ అని ఇప్పటి పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాడు.

అంతకు చాలా ముందు పెన్సిల్ సీన్ వచ్చింది. షెరిల్ కిటికీ వైపు తిరిగి, పేక ముక్కల్ని చూడకుండానే వరుసగా చెబుతుంది. ఇటు తిరిగేసరికి ముఖం మారిపోయి ఉంటుంది. కాసేపటికి పెన్సిల్ తీసి లిండా చీలమండలో గుచ్చి తిప్పుతుంది. కొన్ని సెకన్లే. దయ్యాన్ని చూసినవాళ్లు మనలో లేరు గానీ, పెన్సిల్ ములుకు గుచ్చుకోని వాళ్లు ఉండరు. మావాడు కాళ్లు రెండూ సోఫా మీదికి లాక్కున్నాడు. పక్కన చూసుకుంటే నావీ పైనే ఉన్నాయి.