జాగ్రత్త: ‘టోకెన్ భద్రత’ ఉందంటూ అమ్ముతున్న ఆ సర్వర్‌లెస్ ఏపీఐ కిట్ గురించి

‘ప్రొడక్షన్‌కు సిద్ధం’ అని అమ్ముతున్న ఆ సర్వర్‌లెస్ ఏపీఐ కిట్ గురించే రాస్తున్నాను. పేరు రాయను; కొన్నవారికీ, కొందామని బుట్టలో వేసుకున్నవారికీ అదేమిటో ఈపాటికే అర్థమై ఉంటుంది. వెనుక లాంబ్డా ఫంక్షన్లు (మన సర్వర్ అక్కర్లేకుండా అమెజాన్ క్లౌడ్‌లో నడిచే కోడ్ ముక్కలు), ముందు రిక్వెస్ట్‌లను అందుకునే ఏపీఐ గేట్‌వే, గుమ్మంలో జేడబ్ల్యూటీ టోకెన్ (లాగిన్ అయినవారికి సంతకం చేసి ఇచ్చే డిజిటల్ చీటీ) కాపలా, ఒక్క కమాండ్‌తో డిప్లాయ్. ప్రకటనలో చెప్పిందీ ఇదే, నాకు కావలసిందీ ఇదే. గడువు నెత్తి మీదికి రావడంతో డబ్బు కట్టి, ఆ సాయంత్రమే డిప్లాయ్ చేసి, టోకెన్ లేకుండా ఒక రిక్వెస్ట్ పంపి చూశాను. 401, అంటే ‘లోపలికి రానివ్వను’ అన్న జవాబు, వచ్చింది. టోకెన్‌తో పంపితే 200, అంటే ‘సరే’, వచ్చింది. ఇన్నేళ్లుగా కోడ్ రాస్తున్న ఈ మహానుభావుడి పరీక్ష అంతటితో ముగిసింది. పైగా ఆ సంతోషంలో ఐదు నక్షత్రాలు ఇచ్చి, మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు కూడా రాశాను.

పదకొండు రోజుల తర్వాత మా వినియోగదారుల్లో ఒకావిడ, మొదటి రోజు లాగిన్ అయిన పాత ఫోన్‌లో యాప్‌ను మళ్లీ ఇప్పుడే తెరిచానని, లాగిన్ అడగకుండానే తన ఆర్డర్లన్నీ కనిపించాయని చెప్పారు. ఆమె దాన్ని సౌకర్యం అనుకున్నారు. నాకు మాత్రం గుండె జారింది, ఎందుకంటే మా టోకెన్ ఆయుష్షు ఒక గంట మాత్రమే, గడువు తీరాక కొత్త టోకెన్ తెచ్చిపెట్టే రిఫ్రెష్ టోకెన్ అన్నది మేము ఇంకా పెట్టనే లేదు.

ఆ రాత్రే, మొదటి రోజు దాచుకున్న నా టెస్ట్ టోకెన్‌ను బయటికి తీశాను. రెండు చుక్కలతో మూడు ముక్కలుగా ఉండే దాని రూపం మీ అందరికీ తెలిసిందే. వినియోగదారు వివరాలూ, గడువూ ఉండే నడిమి ముక్కను బేస్64 (డేటాను అక్షరాలుగా రాసే పద్ధతి, రహస్య లిపి కాదు) నుంచి విప్పి చూస్తే గడువు తీరి పది రోజులు దాటింది. దాన్ని ఉన్నదున్నట్టు పంపితే 200 వచ్చింది. ఇక ఆగలేక ‘యూజర్’ అని ఉన్న రోల్‌ను ‘అడ్మిన్’ అని మార్చి, ఆ ముక్కను తిరిగి బేస్64 చేసి, మూడో ముక్కలోని పాత సంతకాన్ని ముట్టుకోకుండా అతికించి పంపాను. మార్చిన విషయానికి పాత సంతకం సరిపోదు కాబట్టి ఆ టోకెన్ గుమ్మంలోనే ఆగిపోవాలి. ఆగలేదు. అందరి ఆర్డర్లూ, చిరునామాలతో సహా, నా స్క్రీన్ మీద వరుసగా దిగాయి.

టోకెన్‌ను చూసి రిక్వెస్ట్‌ను లోపలికి పంపాలో వద్దో తేల్చే ఆథరైజర్ ఫైల్‌ను, కొన్న రోజే తెరవవలసినదాన్ని, అప్పుడు తెరిచాను. ఫంక్షన్ పేరు ‘వెరిఫై టోకెన్’. లోపల జరుగుతున్నది డీకోడ్. బోర్డు ఒకటి, సరుకు మరొకటి. డీకోడ్ టోకెన్‌లో ఏం రాసి ఉందో చదివి చెబుతుందే తప్ప, ఎవరు రాశారో దానికి పట్టదు. కీతో సంతకాన్ని సరిచూసేదీ, గడువు తీరిందని తిప్పి పంపేదీ వెరిఫై మాత్రమే. ఏ అల్గారిథమ్‌లను అంగీకరించాలో ముందే నిర్ణయించుకొని, టోకెన్ హెడర్‌ను (సంతకం ఏ అల్గారిథమ్‌తో చేశారో చెప్పే మొదటి ముక్కను) గుడ్డిగా నమ్మవద్దని, జేడబ్ల్యూటీల వాడకంపై మార్గదర్శక పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 8725 2020లోనే చెప్పింది. ఇక్కడ అల్గారిథమ్ మాట దేవుడెరుగు, ఆ ఫైల్ మొత్తం వెదికినా కీ అన్నదే లేదు. కీ లేకుండా సంతకాన్ని సరిచూసే విద్య ఆ అమ్మకందారుకే తెలియాలి. నేను మురిసిపోయిన ఆ 401 కూడా ఈ కోడ్ ఘనత కాదు. ఇందులో వాడిన రకం ఆథరైజర్‌కు ఆథరైజేషన్ హెడర్ (రిక్వెస్ట్‌లో టోకెన్‌ను మోసుకొచ్చే భాగం) అందకపోతే గేట్‌వే దాన్ని పిలవకుండానే 401 ఇచ్చేస్తుంది.

ఇంతవరకూ జరిగింది పొరపాటే అనుకుందాం, అందరూ చేస్తారు. మార్చిన టోకెన్‌నూ, వచ్చిన జవాబునూ, ఫైల్‌లోని వరుస సంఖ్యనూ జతచేసి అమ్మకందారుకు మర్యాదగానే రాశాను. “టోకెన్ లేకపోతే 401 వస్తోందని మీరే చెబుతున్నారు, అంటే రక్షణ పనిచేస్తున్నట్టే కదా” అని జవాబు వచ్చింది. సంతకం సంగతి మళ్లీ వివరిస్తే, ఇది ఆరంభ నమూనా మాత్రమేనని, భద్రత కొన్నవారి బాధ్యతేనని అన్నారు. ‘ప్రొడక్షన్‌కు సిద్ధం’ అన్న మాట ఆ క్షణంలో కూడా వారి పేజీ పైభాగాన వెలుగుతూనే ఉంది. డబ్బు వాపసు ఇవ్వమన్నాను. దానికి మాటల్లో జవాబు రాలేదు, ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. అది నేను రాసిన సమీక్షే. ‘టోకెన్ రక్షణ చక్కగా పనిచేస్తోంది, నేనే పరీక్షించాను’ అన్న నా వాక్యం మీద పసుపు రంగు పూసి, పక్కన ఒక నవ్వు ముఖం పెట్టి పంపారు. మరో నిమిషంలో టికెట్ ‘పరిష్కారమైంది’ అయిపోయింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు ముఖానికి ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పసుపు పూయించుకునే వాక్యాన్ని వారి చేతికి అందించింది నేనే అన్నది ఇంకా మండుతోంది.

ఆ కోపంలో మిగిలిన ఫైళ్లన్నీ చదివితే మరొకటి బయటపడింది. టెంప్లేట్‌లో ఆర్డర్ల ఫంక్షన్‌కు విడిగా ఒక ఫంక్షన్ యూఆర్‌ఎల్ (గేట్‌వేతో పనిలేకుండా ఆ ఫంక్షన్‌ను నేరుగా పిలిచే చిరునామా) ఉంది, దాని ఆథ్ టైప్ ‘నన్’ (ఏ తనిఖీ లేదు). అంటే ముందు తలుపుకు బొమ్మ తాళం, దొడ్డి తలుపు బార్లా. డీబగ్ కోసం పెట్టి మరిచిపోయి ఉంటారని సరిపెట్టుకోవాలని ఉంది కానీ, ఆ నవ్వు ముఖం చూశాక అంత ఉదారత నాలో మిగలలేదు.

ఇప్పటికే వాడుతున్నవారు ఆ యూఆర్‌ఎల్‌ను తీసేసి, డీకోడ్ స్థానంలో వెరిఫై పెట్టి, కీ, అల్గారిథమ్, ఇష్యూయర్ (టోకెన్ ఇచ్చినవారు), ఆడియన్స్ (అది ఎవరి కోసమో) నాలుగూ మీరే ఇవ్వండి. సరిచేసిన వెంటనే పాత దొంగ టోకెన్ ఇంకా పనిచేస్తే కంగారు పడకండి. ఆథరైజర్ ఇచ్చిన తీర్పును గేట్‌వే డిఫాల్ట్‌గా 300 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది, ఇది తెలియక నేను ఐదు నిమిషాలు తల బాదుకున్నాను. పరీక్షించేటప్పుడు సంతకంలో చిట్టచివరి అక్షరాన్ని మాత్రం మార్చకండి, బేస్64లో ఆ అక్షరంలోని కొన్ని బిట్లు లెక్కలోకి రావు కాబట్టి సరైన కోడ్ కూడా కొన్నిసార్లు దాన్ని ఒప్పుకుంటుంది. మధ్యలో ఒక అక్షరం మార్చి పంపండి, గడువు తీరిన టోకెన్‌ను కూడా పంపండి, రెండింటికీ 401 గానీ 403 (ఇదీ నిరాకరణే) గానీ రావాలి.

నా సమీక్షను ఈ ఉదయం తొలగించాను. ఈలోగా దాన్ని చదివి, నమ్మి కొన్నవారు ఉంటే నన్ను క్షమించి, ముందు ఆ ఆథరైజర్ ఫైల్‌ను తెరవండి.