‘మినీ సర్వర్’ బోర్డు కొంటున్నారా? డబ్బు కట్టేముందు కెర్నెల్ చూడండి: వైజాగ్ కొనుగోలుదారులకు జాగ్రత్త

ఫైనలియర్ ప్రాజెక్టు కోసమో, ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకుందామనో ఆర్మ్ బోర్డు (ఫోన్లలో ఉండే రకం ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కంప్యూటర్) కొనడానికి ద్వారకా నగర్, డాబా గార్డెన్స్ వైపు వెళ్తున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. నగరంలో ఒక అమ్మకందారు నాలుగున్నర వేలకు ‘మినీ సర్వర్ బోర్డు’ అని ఇస్తున్నది టీవీ బాక్సులోంచి తీసిన బోర్డు. డబ్బా మీద ఎనిమిది కోర్ల కార్టెక్స్-ఏ73, 4 జీబీ ర్యామ్, ‘ఫుల్ లినక్స్ సపోర్ట్’ అని అచ్చు వేశారు. మూడు బోర్డులు పరీక్షించాం. మూడింట్లోనూ ఉన్నవి నాలుగే కోర్లు, అవీ ఏ53. ర్యామ్ 2 జీబీ.

కోర్లు తక్కువైనా చిన్నచిన్న పనులకు సరిపెట్టుకోవచ్చు. ఈ బోర్డును నిజంగా పనికిరాకుండా చేసేది దానితో ఇచ్చిన కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ లోపలి భాగం. దాని వెర్షన్ 4.9. ఆ వరుసకు నిర్వహణ 2023 జనవరిలోనే ఆగిపోయింది, అంటే ఆ తర్వాత బయటపడిన భద్రతా లోపాలకు దిద్దుబాట్లు అందులోకి రావు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకుందామంటే అది మెయిన్‌లైన్‌లో, అంటే అసలు లినక్స్ కెర్నెల్‌లో, చేరింది 5.6లో. పోనీ మనమే కొత్త కెర్నెల్ కట్టుకుందామంటే (కంపైల్ చేసుకుందామంటే) కావలసినవి మూడు: సోర్స్, ఏ ఆప్షన్లు పెట్టారో చెప్పే కాన్ఫిగ్ ఫైలు, ఆ బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే డివైస్ ట్రీ. అమ్మినాయన మూడూ ఇవ్వడు. ఒక ఇమేజ్ ఫైలున్న లింకు పంపి ‘ఇదే లినక్స్ అండీ’ అంటాడు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. బైనరీ (కంపైలైన ప్రోగ్రాము) అమ్మినవాడు దానికి సరిపడే పూర్తి సోర్స్ ఇవ్వాలి. పూర్తి సోర్స్ అంటే కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన స్క్రిప్టులతో సహా అని ఆ లైసెన్సులోనే రాసి ఉంది. సోర్స్ అడగడం మన హక్కు, మొహమాటపడాల్సిన పనేం లేదు. అడిగితే ‘అది కంపెనీ సీక్రెట్’ అన్న అమ్మకందారు దగ్గర ఏ బోర్డూ కొనకండి.

కౌంటర్ దగ్గరే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బోర్డు ఆన్ చేయించి టెర్మినల్ తెరవమనండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. (కమాండ్లు, ఆప్షన్ల పేర్లు కింద పలికినట్టు రాశాం, టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.)

మొదట ‘క్యాట్ /ప్రాక్/సీపీయూఇన్‌ఫో’. ప్రతి కోర్‌కీ ‘సీపీయూ ఇంప్లిమెంటర్’, ‘సీపీయూ పార్ట్’ అన్న వరుసలు వస్తాయి. ఇంప్లిమెంటర్ 0ఎక్స్41 అంటే ఆర్మ్ సంస్థ డిజైన్. పార్ట్ దగ్గర డీ03 ఉంటే ఏ53, డీ05 ఉంటే ఏ55, డీ08 ఏ72, డీ09 ఏ73, డీ0బీ ఏ76. సెట్టింగ్స్ తెరలో ఏ పేరు కనిపించినా నమ్మకండి, ఆ పేరును ఇమేజ్‌లో మార్చడం సులువు. మేం చూసిన బోర్డుల్లో సెట్టింగ్స్ తెర ఎనిమిది కోర్లంది, ఈ ఫైలు మాత్రం నాలుగుసార్లు డీ03 చూపించింది. అదే ఫైల్లో ‘ఫీచర్స్’ వరుస కూడా చదవండి. ఏఈఎస్, షా2 (ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసే ఇన్‌స్ట్రక్షన్లు) లేకపోతే ఆ పద్ధతులు వాడే డిస్క్ ఎన్‌క్రిప్షన్, వీపీఎన్ లాంటివి బాగా నెమ్మదిస్తాయి. పేరున్న బోర్డుల్లో కూడా ఈ తేడా ఉంది: రాస్ప్‌బెర్రీ పై 4లో ఆ క్రిప్టో ఇన్‌స్ట్రక్షన్లు లేవు, పై 5లో ఉన్నాయి. మోంగోడీబీ అనే డేటాబేస్‌కి 5.0 నుంచి ఆర్మ్ వీ8.2 తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి ఏ53, ఏ72 బోర్డుల మీద దాని అధికారిక బైనరీ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోతుంది. ప్రాజెక్టు రిపోర్టులో మోంగో అని ముందే రాసేసుకున్నవాళ్లు ఇది గమనించాలి.

తర్వాత ‘యూనేమ్ -ఎం’. ‘ఏఆర్చ్64’ అని వస్తే కెర్నెల్ 64 బిట్. అక్కడితో ఆగకుండా ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ కూడా కొట్టండి. అది 32 అంటే కెర్నెల్ 64 బిట్టే అయినా పైనున్న ప్రోగ్రాములన్నీ 32 బిట్‌వి. ఈ బోర్డుల్లో ఉన్నది సరిగ్గా అదే. 64 బిట్ ఆర్మ్‌కి కట్టిన డాకర్ ఇమేజ్‌లు (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి ఇచ్చే ప్యాకెట్లు) నడుస్తాయని కొన్నవాళ్లకు అక్కడే చుక్కెదురైంది.

మూడోది ‘జడ్‌క్యాట్ /ప్రాక్/కాన్ఫిగ్.జీజడ్’. కెర్నెల్ కట్టినప్పుడు ‘ఐకేకాన్ఫిగ్’, ‘ఐకేకాన్ఫిగ్_ప్రాక్’ అనే ఆప్షన్లు రెండూ ‘వై’గా (కెర్నెల్‌లోనే భాగంగా) పెడితేనే ఈ ఫైలు ఉంటుంది. ఉందంటే మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, రేపు మీకు అదే ఆధారం. లేదంటే ఆ కెర్నెల్‌లో ఏముందో, ఏం లేదో ఊహించుకోవాల్సిందే. ఈ బోర్డుల్లో లేదు. డాకర్ నడవాలంటే నేమ్‌స్పేసెస్, సీగ్రూప్స్, ఓవర్‌లే ఎఫ్ఎస్, వీఈటీహెచ్, బ్రిడ్జ్ ఉండాలి. ఇందులో ఓవర్‌లే, వీఈటీహెచ్ రెండూ లేవు. సీహెచ్341 డ్రైవర్ కూడా లేదు. అంటే ఆ చిప్ ఉన్న చవక ఆర్డువినో క్లోన్ గుచ్చితే పోర్టే రాదు.

‘లేని మాడ్యూల్ (కెర్నెల్‌కి విడిగా ఎక్కించే ముక్క) బయట కట్టి ఎక్కిస్తే పోలా’ అని అడుగుతున్నారు. పోదు. మాడ్యూల్ లోపల వర్‌మ్యాజిక్ అనే ముద్ర ఉంటుంది: కెర్నెల్ వెర్షన్ పూర్తి పేరు, ఎస్ఎంపీ, ప్రీఎంప్ట్ లాంటి సంగతులు అందులో ఉంటాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ‘ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అంటుంది. లోకల్‌వెర్షన్ మార్చి ఆ ముద్ర కలిపేసినా, మాడ్‌వెర్షన్స్ ‘వై’గా కట్టిన కెర్నెల్ అయితే ప్రతి సింబల్ (ఫంక్షన్ లాంటివాటి పేరు) సీఆర్‌సీ అనే తనిఖీ అంకెనూ సరిచూస్తుంది. ‘డిసగ్రీస్ అబౌట్ వర్షన్ ఆఫ్ సింబల్’ అని డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) వస్తుంది. అదే సోర్స్, అదే కాన్ఫిగ్ లేకుండా ఆ గోడ దాటలేం. బలవంతంగా ఎక్కించే దారులున్నాయి, వాటి జోలికి వెళ్లకండి. లోపలి స్ట్రక్చర్ల అమరిక వేరైతే మాడ్యూల్ తప్పు చోట రాసి మెమరీ పాడుచేస్తుంది.

ర్యామ్‌కి ‘ఫ్రీ -ఎం’ చాలదు, ఇమేజ్‌లో ఆ అంకెనూ మార్చగలరు. మెమ్‌టెస్టర్‌కి 3 జీబీ ఇచ్చి నడపండి. నిజంగా 4 జీబీ ఉంటే పని జరుగుతుంది. 2 జీబీ బోర్డైతే అంత మెమరీ పట్టుకోలేక తగ్గించుకుంటుంది, లేదా చచ్చిపోతుంది. స్టోరేజీకి ఎఫ్3 ప్రోగ్రాము వాడండి. అది నిండా రాసి తిరిగి చదువుతుంది కాబట్టి కౌంటర్ దగ్గర కుదరదు, ఇంటికెళ్లిన రోజే చేయండి.

వైజాగ్ ఉక్కపోతకు ఇంకో పరీక్ష. ‘/సిస్/క్లాస్/థర్మల్/థర్మల్_జోన్0/టెంప్’ చదివితే వేడి మిల్లీ డిగ్రీల్లో వస్తుంది, 61000 అంటే 61 డిగ్రీలు. నాలుగు కోర్లకూ పని పెట్టి ఐదు నిమిషాలు చూడండి. సీపీయూ_థర్మల్ ఆప్షన్ లేకుండా కట్టిన కెర్నెల్ అయితే వేడెక్కినా వేగం తగ్గించదు, క్రిటికల్ గీత తాకగానే ఉన్నట్టుండి షట్‌డౌన్ అవుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టి, మాటిమాటికీ ఆగిపోతోందని అడాప్టర్లు మార్చినవాళ్లున్నారు. తప్పు అడాప్టర్‌ది కాదు.

ఇప్పటికే కొనేసినవాళ్ల సంగతి. డబ్బు వెనక్కి రాకపోతే కొత్త కెర్నెల్ కట్టి చూడొచ్చు, కానీ వరస తప్పకండి. ఏదీ చెరపకముందు ఈఎంఎంసీ (బోర్డు మీది స్టోరేజీ చిప్) మొత్తం డీడీ కమాండ్‌తో కాపీ తీసి దాచండి. నడుస్తున్న బోర్డులోంచే ‘డీటీసీ -ఐ ఎఫ్ఎస్ -ఓ డీటీఎస్ /ప్రాక్/డివైస్-ట్రీ’ అని కొట్టి డివైస్ ట్రీని టెక్స్ట్‌గా తీసుకోండి. 4.9 కాలపు ఆ ఫైలు కొత్త కెర్నెల్‌కి నేరుగా పనికిరాదు, దాన్ని రాసే పద్ధతులు (బైండింగ్స్) మారిపోయాయి. కానీ ఏ రెగ్యులేటర్ ఎంత వోల్టేజీ ఇస్తుందో, ఏ జీపీఐఓ పిన్ దేనికి వెళ్లిందో అందులో కనిపిస్తుంది. అదే చిప్ ఉన్న వేరే బోర్డు డీటీబీ (కంపైలైన డివైస్ ట్రీ ఫైలు) తెచ్చి పెట్టడం చాలామంది చేస్తున్న తప్పు. పవర్ చిప్ వేరైతే కెర్నెల్ బూట్ అయినట్టే అయ్యి, ఫ్రీక్వెన్సీ పెరగగానే వోల్టేజీ అందక బిగుసుకుపోతుంది. తప్పు కరెంటు లైనుకు ఎక్కువ వోల్టేజీ వెళ్తే చిప్పే పోవచ్చు.

సీరియల్ కేబుల్ లేకుండా మొదలుపెట్టకండి. 3.3 వోల్టులది, మూడే తీగలు: గ్రౌండ్, టీఎక్స్, ఆర్ఎక్స్. వీసీసీ తగిలించకూడదు. ఆల్‌విన్నర్ చిప్పులు మామూలుగా 115200 దగ్గర మాట్లాడతాయి, రాక్‌చిప్‌వి 1500000 దగ్గర. పాత సీపీ2102 కేబుల్ పరిమితి సెకనుకు పది లక్షల బిట్లే కాబట్టి రాక్‌చిప్ బోర్డు మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. బోర్డు పాడైందని పారేయకండి, సీహెచ్340 కేబుల్‌తో చూడండి, అది 20 లక్షల దాకా వెళ్తుంది.

కట్టడం పీసీ మీదే. ఉబుంటు లేదా డెబియన్‌లో ఏఆర్చ్64 క్రాస్ జీసీసీ, బైసన్, ఫ్లెక్స్, బీసీ, లిబ్ఎస్ఎస్ఎల్, లిబ్ఎల్ఫ్, ఎన్‌కర్సెస్ డెవ్ ప్యాకేజీలు వేసుకోండి. 20 జీబీ ఖాళీ ఉంచండి. 6.12 లాంటి ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం నిర్వహణ ఉండే) కెర్నెల్ తీసుకుని ‘మేక్ ఆర్చ్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-జీఎన్‌యూ- డెఫ్‌కాన్ఫిగ్’ అని మొదలుపెట్టండి. ఆ ‘ఆర్చ్’ మాట ప్రతి మేక్ కమాండ్‌కీ ఉండాలి. గంటసేపు మెనూకాన్ఫిగ్‌లో (ఆప్షన్లు ఎంచుకునే మెనూలో) కూర్చుని అన్నీ సరిచేశాక, ఒక్కసారి ఆర్చ్ మరిచిపోయి ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ కొడితే కాన్ఫిగ్ అంతా పీసీ ఎక్స్86కి మారిపోతుంది, ఆర్మ్ ఆప్షన్లన్నీ చెప్పాపెట్టకుండా ఎగిరిపోతాయి. టెర్మినల్ తెరవగానే ఆర్చ్, క్రాస్_కంపైల్ రెండింటినీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే ఈ బెడద ఉండదు. ఎక్కిన మాడ్యూళ్లను బట్టి కాన్ఫిగ్ తయారుచేసే ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ కూడా ఇలాంటిదే. మామూలుగా కొడితే పీసీలో ఎక్కిన మాడ్యూళ్లే చూస్తుంది. బోర్డు మీద తీసిన ఎల్ఎస్‌మాడ్ ఫైలును ‘ఎల్ఎస్‌మాడ్=’ అని ఇచ్చి నడపాలి.

మెనూకాన్ఫిగ్‌లో మొదట ‘ప్లాట్‌ఫాం సెలెక్షన్’. మీ చిప్ కుటుంబం అక్కడ ‘వై’ కాకపోతే దాని డ్రైవర్లు చాలావరకు మెనూలోనే కనిపించవు. ‘లేదు లేదు’ అని వెతుకుతూ ఉంటారు. స్లాష్ నొక్కి పేరుతో వెతికితే ఏ ఆప్షన్ దేని మీద ఆధారపడిందో చూపిస్తుంది. తర్వాత ‘కెర్నెల్ ఫీచర్స్’లో పేజ్ సైజ్. 4కే ఉంచండి. 16కే వేగమని చదివి మార్చినవాళ్ల బోర్డు బూట్ కాలేదు, ఎందుకంటే ఏ53కి 16కే గ్రాన్యూల్ (పేజ్ సైజ్) లేదు, 4కే, 64కే మాత్రమే. యూఈఎఫ్ఐ దారిలో వస్తే ‘ఈ గ్రాన్యులర్ కెర్నెల్ మీ సీపీయూకి పనికిరాదు’ అని ఒక వరుసైనా వస్తుంది. యూబూట్ అనే బూట్‌లోడర్ నేరుగా ఎక్కిస్తే ఒక్క అక్షరం కూడా రాదు, కోర్ మొదట్లోనే ఆగిపోతుంది. 64కే పెడితే 32 బిట్ ప్రోగ్రాములకు కావలసిన ‘కంపాట్’ ఆప్షన్ మాయమవుతుంది, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో తప్ప రాదు. మీ పాత రూట్ ఫైల్‌సిస్టమ్ 32 బిట్‌ది కాబట్టి మొదట నడిచే ప్రోగ్రాము ‘ఇనిట్’ దగ్గరే ఆగిపోతుంది.

అదే మెనూలో ఆర్మ్ ఎర్రాటా (చిప్ లోపాలకు కెర్నెల్ చేసే సర్దుబాట్లు) వరుస ఉంటుంది. కెర్నెల్ చిన్నది చేద్దామని అవి తీసేయకండి. 843419 అన్నది ఏ53లో ఆర్0పీ4 రివిజన్ దాకా ఉన్న లోపం. ఏడీఆర్‌పీ అనే ఇన్‌స్ట్రక్షన్ పేజీ చివర ఒక ప్రత్యేక వరసలో పడితే తర్వాతి లోడ్, స్టోర్ తప్పు అడ్రసుకు వెళ్తుంది. ఎర్రర్ రాదు, వారం తర్వాత ఎక్కడో ఫైలు పాడవుతుంది. సీపీయూఇన్‌ఫోలో ‘వేరియంట్ 0ఎక్స్0, రివిజన్ 4’ అని ఉంటే అది మీ చిప్పే, పరీక్షించిన మూడూ అవే.

రూట్ ఉన్న ఎంఎంసీ డ్రైవరు, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్, సీరియల్ డ్రైవరు ‘ఎం’ (విడి మాడ్యూల్) కాకుండా ‘వై’గా ఉండాలి. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) లేకుండా ‘ఎం’ పెడితే ‘వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)’ దగ్గర పానిక్ అవుతుంది. ఐకేకాన్ఫిగ్ రెండూ ‘వై’ చేయండి. మాడ్యూళ్లు వేసేటప్పుడు ‘ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1’ ఇస్తే చిన్న ఈఎంఎంసీలో చోటు మిగులుతుంది.

ఇంత చేసినా మూడింట్లో ఒక బోర్డు మన బూట్‌లోడర్‌నే తీసుకోలేదు. సెక్యూర్ బూట్ ఫ్యూజ్ కాల్చేసి ఉంది, అంటే తయారీదారు డిజిటల్ సంతకం లేనిది నడపదు. దానికి మందు లేదు. అందుకే కొనేముందు ఎస్‌డీ కార్డు నుంచి వేరే ఇమేజ్ బూట్ చేసి చూపించమని అడగండి.

బిల్లు మీద ‘మినీ సర్వర్’ అని కాకుండా చిప్ పేరు, కోర్లు, ర్యామ్ రాయించుకోండి. డబ్బా స్టిక్కర్ ఫొటో, సీపీయూఇన్‌ఫో తెర ఫొటో పక్కపక్కన పెట్టి దాచండి. మాట తప్పిన సరుకుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అమ్మకందారు ఎక్కడున్నా మీరుండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ‘సాఫ్ట్‌వేర్ వేసేశారు, వెనక్కి తీసుకోను’ అని అమ్మినాయన అంటున్నాడు కాబట్టి, ఫొటోలు తీయకముందే కొత్త ఇమేజ్ ఎక్కించకండి.