పునరుద్ధరించిన గని నేలపై పచ్చదనాన్ని కొలిచే ఉపగ్రహ చిత్రాలు: ఒక సమీక్ష

ఉపరితల గనిలో తవ్వకం ముగిశాక, మట్టి కప్పి మొక్కలు నాటిన నేల నిజంగా కోలుకుంటోందో లేదో తెలుసుకోవడానికి నేను ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 అనే ఉపగ్రహాల చిత్రాలను వాడుతున్నాను. రెండూ ఉచితమే. ల్యాండ్‌శాట్ అసలు బలం దాని పాత చిత్రాల నిల్వ. 1980ల నుంచే 30 మీటర్ల స్పష్టత గల (అంటే ఒక్కో చుక్క నేలపై 30 మీటర్ల చదరాన్ని చూపే) చిత్రాలు ఉన్నందువల్ల, తవ్వకానికి ముందు అక్కడున్న అడవితో నేటి పచ్చదనాన్ని పోల్చి చూసుకోవచ్చు. ఇది నాకు అమూల్యంగా తోస్తుంది. సెంటినెల్-2 స్పష్టత 10 మీటర్లు. మేఘాలు అడ్డురాకపోతే సుమారు 5 రోజులకోసారి కొత్త చిత్రం అందుతుంది.

అయితే ఎరుపు, సమీప పరారుణ కాంతుల నుంచి లెక్కించే ఎన్‌డీవీఐ సూచీ ఆకుపచ్చదనాన్నే చెబుతుంది తప్ప, ఆ పచ్చదనం ఏ మొక్కదో చెప్పదు. సూచీ బాగా పెరిగిందని సంతోషించిన ఒక వాలు మీదికి వెళ్లి, మీటరు చదరపు చట్రం పరచి లెక్కపెడితే, అందులో ఉన్నదంతా దాదాపు ఒకే రకం గడ్డి. దాని నీడలో నాటిన మొలకలు ఆకులు పాలిపోయి, జానెడు ఎత్తు దాటకుండా ఉన్నాయి. భారీ యంత్రాల కింద నలిగి గట్టిపడిన మట్టిలోకి ఇనుప చువ్వ వేలెడు లోతు కూడా దిగలేదు. చెట్లు గుబురుగా పెరిగాక సూచీ మరింత పెరగకుండా నిలిచిపోతుందనేది మరో పరిమితి. కనుక ఈ చిత్రాలను తప్పక వాడండి, కానీ దగ్గర్లోని చెక్కుచెదరని అడవిని కొలమానంగా పెట్టుకుని, ఏటా ఒకే రుతువులో తీసినవాటినే పోల్చండి.