చదవనని మొరాయించే పిల్లలకు: క్లాసంతా ఒకే పుస్తకమా, చిన్న గుంపులా?

ఒకే పుస్తకమైతే టీచరుకు సులువే. కానీ 40 మందిలో ఐదారుగురే మాట్లాడతారు. చదవనివాడు వాళ్ల జవాబులు విని గట్టెక్కేస్తాడు.

ఒక్కో గుంపు ఒక్కో పుస్తకం చదివి చర్చించుకుంటే ఆ దాగుడుమూతలు సాగవు. నలుగురైదుగురు చాలు, ఆరు దాటితే మళ్లీ ఒకడు మౌనవ్రతం పడతాడు. నాలుగైదు పుస్తకాలు ముందుపెట్టి, ఒక్కోదాన్ని రెండు నిమిషాలు తిరగేయనిచ్చి, నచ్చినవి మూడు వరసగా రాయమనండి. గుంపు కట్టేది దాన్నిబట్టే, మార్కుల్నిబట్టి కాదు.

చెడేది ఎక్కువగా గుంపులో తలా ఒక పాత్ర పంచే దగ్గరే: 'ప్రశ్నలడిగేవాడు', 'బొమ్మ గీసేవాడు' అంటూ కాగితాలు నింపడమే పనైపోతుంది. రెండు వారాలయ్యాక ఆ పాత్రలు తీసేసి, అర్థంకాక ఆగిన చోట చీటీ అంటించి తెమ్మంటే చాలు. చదవకుండా వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి పది నిమిషాలు చదివించి, తర్వాత చర్చలో కలపండి.

అసలు చర్చంటే ఏమిటో తెలియని క్లాసుకు మాత్రం ముందు అందరికీ ఒకే చిన్న కథ మేలు.