2019 వేసవి బేరాలు: లేకర్స్‌ది మేలా, క్లిప్పర్స్‌ది మేలా?

ఏటా జూలై వచ్చి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని జట్లు ఆటగాళ్ల కోసం బేరాలు మొదలుపెట్టగానే పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఈసారి ఎవరు బాగుపడ్డారు? జూలైలో వేసిన మార్కులు మరుసటి జూన్ దాకా నిలవడం అరుదు కనుక ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడానికి నేను వెనకాడతాను. దానికి బదులు, లెక్కలు దాదాపుగా తేలిపోయిన ఒక పాత వేసవిని ముందు పెట్టుకుని, ఏ బేరం ఎందుకు ఫలించిందో, ఏది ఎందుకు బెడిసిందో చూడడం మేలనిపిస్తుంది. ఇందుకు 2019ని మించిన వేసవి లేదు. లాస్ ఏంజెలెస్‌లో అప్పట్లో ఒకే అరీనాలో ఆడిన రెండు జట్లు, మూడు వారాల తేడాలో, తమ భవిష్యత్తునంతా పణంగా పెట్టి చెరొక జంటను సిద్ధం చేసుకున్నాయి.

ఎవరు ఏమిచ్చారో చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2018-19లో 37 మ్యాచ్‌లే గెలిచి ప్లేఆఫ్స్‌కు (లీగ్ దశ తరువాతి నాకౌట్ పోటీలకు) దూరమైన లేకర్స్, అప్పటికే తన దగ్గరున్న లెబ్రాన్ జేమ్స్‌కు తోడుగా ఆంథొనీ డేవిస్ కోసం న్యూఆర్లీన్స్ పెలికన్స్‌కు లాంజో బాల్, బ్రాండన్ ఇంగ్రమ్, జోష్ హార్ట్‌లను, వారితోపాటు ఆ ఏటి నాలుగో పిక్‌తో సహా మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశాలను, అప్పగించింది. క్లిప్పర్స్ ఇచ్చింది ఇంకా ఎక్కువ. టొరంటోకు టైటిల్ తెచ్చిపెట్టి, ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఫ్రీ ఏజెంట్ అయిన కవాయ్ లెనార్డ్, తోడుగా పాల్ జార్జ్ ఉంటే తప్ప రాడని అర్థమయ్యాక, జార్జ్ కోసం ఓక్లహోమా సిటీ థండర్‌కు షై గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గాలినారి, ఐదు మొదటి రౌండ్ పిక్‌లు, మరో రెండు పిక్‌లను మార్చుకునే హక్కు ఇచ్చేసింది. అప్పట్లో పండితులలో ఎక్కువమంది క్లిప్పర్స్ వైపే మొగ్గారు. నేనూ మొగ్గాను, ఆ మాట దాచుకోవడం ఎందుకు? ముందటి సీజన్‌లో స్టార్ అనదగ్గవాడు ఒక్కడూ లేకుండానే 48 మ్యాచ్‌లు గెలిచిన జట్టు అది. ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 31 పాయింట్ల వెనుకబాటును పూడ్చి గెలిచి చరిత్రకెక్కిన జట్టు. అలాంటి కలిసికట్టు జట్టుకు ఇద్దరు మేటి ఆటగాళ్లు తోడైతే ఇక ఆపేదెవరని అనుకున్నాం.

ఫలితాలు చూస్తే లేకర్స్ 52 గెలుపులు, 19 ఓటములతో పశ్చిమ విభాగంలో మొదటి స్థానం, క్లిప్పర్స్ 49 గెలుపులు, 23 ఓటములతో రెండో స్థానం సంపాదించాయి. ఇంతవరకూ తేడా మూడు గెలుపులే. కోవిడ్ వల్ల మార్చిలో ఆగిన సీజన్ ఓర్లాండోలో, డిస్నీ వరల్డ్ ఆవరణలో, ప్రేక్షకులు లేని కోర్టుల మీద మళ్లీ మొదలయ్యాక అసలు తేడా బయటపడింది. 2020 అక్టోబరు 11న మయామి హీట్ మీద ఫైనల్స్ ఆరో మ్యాచ్‌ను 106-93 తేడాతో గెలిచి లేకర్స్ తన పదిహేడో టైటిల్ అందుకుంది. క్లిప్పర్స్ రెండో రౌండ్ కూడా దాటలేదు.

ఈ తేడాకు కారణంగా గాయాలు, కోచ్, అదృష్టం, క్రమశిక్షణ అంటూ రకరకాలుగా చెబుతారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: కొత్తగా వచ్చినవాడు జట్టులో అప్పటిదాకా ఎవరూ చేయని పని చేయడానికి వచ్చాడా, ఉన్నవాడి పనే తానూ చేయడానికి వచ్చాడా అన్నది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లు ఊరికే అనలేదు. లెబ్రాన్ జేమ్స్ బంతి చేతబట్టి ఆట నడిపేవాడు. తన పదిహేడో సీజన్‌లో, మ్యాచ్‌కు 10.2 అసిస్టులతో (తోటివారి పాయింట్లకు దారితీసిన పాస్‌లతో), తొలిసారిగా లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. డేవిస్‌కు బంతిని మోసుకుంటూ కోర్టు దాటవలసిన అవసరమే లేదు. రింగు దగ్గర లెబ్రాన్ విసిరిన పాస్‌ను అందుకోవడం, అవతలి కొసన ప్రత్యర్థుల షాట్లను తిప్పికొట్టడం అతని పని, ఆ ఏడాది అత్యుత్తమ డిఫెండర్ ఓటింగులో రెండో స్థానం దక్కింది కూడా ఆ పనికే. ఇద్దరి పనులకూ ఎక్కడా ఢీ లేదు. ఒకడు ఎంత బాగా ఆడితే రెండోవాడికి అంత సులువు.

లెనార్డ్, జార్జ్‌ల సంగతి అలా కాదు. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే స్థానం, ఒకే తీరు. బంతి అందుకుని, ఎదుటివాడిని ఒంటరిగా ఎదుర్కొని, మధ్య దూరం నుంచో బయటి గీత నుంచో షాట్ వేయడం ఇద్దరికీ ఇష్టమైన పని. విడివిడిగా చూస్తే ఇద్దరూ గొప్పవారే, రెండు వైపులా ఆడగలవారే. కానీ వారిద్దరికీ బంతిని సరైన చోట, సరైన క్షణంలో అందించేవాడు ఆ జట్టులో లేడు. పాట్రిక్ బెవర్లీ ప్రత్యర్థి గార్డులను సతాయించేవాడే కాని ఆట నడిపేవాడు కాదు, లూ విలియమ్స్ బెంచీ మీంచి వచ్చి పాయింట్లు చేసేవాడు. ఆట నడపడం నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడుండేవాడు, ఆ గిల్జస్-అలెగ్జాండర్‌నే ఓక్లహోమాకు పంపించారు.

రెండు జట్లూ వరుసగా ఒకే ప్రత్యర్థిని, డెన్వర్ నగెట్స్‌ను ఎదుర్కోవడం పోల్చి చూసేవారికి దొరికిన వరం. డెన్వర్ ఆ వేసవిలో పెద్దగా మార్పులు చేయలేదు, జెరమీ గ్రాంట్‌ను తెచ్చుకుని ఊరుకుంది. దాని ఆటంతా నికోలా యోకిచ్ అనే ఏడడుగుల సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) చేతుల మీదుగా సాగుతుంది. నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారు ముందుకెళ్లే ఆ సిరీస్‌లో క్లిప్పర్స్ 3-1 ఆధిక్యానికి వెళ్లి, ఐదో మ్యాచ్‌లో 16 పాయింట్లు, ఆరో మ్యాచ్‌లో 19, ఏడో మ్యాచ్‌లో 12 పాయింట్లు ముందంజలో ఉండి మూడింటినీ పోగొట్టుకుంది. ఏడో మ్యాచ్ మనకు సెప్టెంబరు 16 ఉదయం ఆరున్నరకు మొదలైంది. అల్లం టీ గ్లాసుతో కూర్చున్న నేను, తొమ్మిది గంటల ఆఫీసు మీటింగుకు మైకు ఆపేసుకుని, నాలుగో క్వార్టర్‌ను ఫోనులో చూశాను. లెనార్డ్ షాట్ తప్పింది, జార్జ్ షాట్ తప్పింది, మళ్లీ లెనార్డ్‌ది తప్పింది. ప్రతిసారీ ఒకడు ఆడుతుంటే మిగిలిన నలుగురూ నిలబడి చూస్తున్నారు. ఆ క్వార్టర్‌లో ఇద్దరూ కలిసి ఒక్క పాయింటైనా చేయలేదు. మ్యాచ్ మొత్తంలో లెనార్డ్‌కు 14, జార్జ్‌కు 10. అవతల జమాల్ మర్రే 40 పాయింట్లు చేస్తే, యోకిచ్ 16 పాయింట్లు, 22 రీబౌండ్లు (తప్పిన షాట్ల నుంచి పట్టిన బంతులు), 13 అసిస్టులు చేశాడు. స్కోరు 104-89.

తరువాతి రౌండ్‌లో అదే డెన్వర్‌ను లేకర్స్ 4-1తో పంపించేసింది. యోకిచ్‌ను ఒంటితో నెట్టి విసిగించడానికి లేకర్స్ దగ్గర డ్వైట్ హోవార్డ్ ఉన్నాడు, అతనికి అండగా డేవిస్ ఉన్నాడు. క్లిప్పర్స్ ఆ పనికి చాలాసార్లు ఆరడుగుల ఏడంగుళాల మాంట్రెజ్ హారెల్‌ను దింపింది. అసలు సిసలు సెంటర్ ఇవిత్సా జుబాట్స్ వారి దగ్గరే ఉన్నాడు. తమాషా ఏమిటంటే ఆ జుబాట్స్‌ను కొన్ని నెలల ముందు లేకర్సే చవగ్గా వారికి ఇచ్చేసింది. ఇక రెండో మ్యాచ్ చివర, లేకర్స్ ఒక పాయింటు వెనుకబడి రెండు సెకన్ల చిల్లర మాత్రమే మిగిలి ఉండగా, రాజన్ రాండో గీత అవతలి నుంచి అందించిన బంతిని డేవిస్ ఎడమ వైపున అందుకుని, యోకిచ్ చేయి మీదుగా త్రీ-పాయింటర్ వేసి 105-103తో గెలిపించాడు. లెబ్రాన్ ఉండగా ఆఖరి షాట్ డేవిస్‌కు వెళ్లడం, దానికి ఎవరూ నొచ్చుకోకపోవడం నేను చెబుతున్న పనుల పంపకానికి మంచి గుర్తు.

రాండో, హోవార్డ్‌లాంటివారు లేకర్స్‌కు దొరకడం వెనుక ఒక విచిత్రముంది. నిజానికి లేకర్స్ కూడా లెనార్డ్ కోసమే ఎదురుచూసింది. జూలై మొదటి వారమంతా డబ్బు దాచుకుని కూర్చుని, అతను క్లిప్పర్స్‌కు వెళ్తున్నాడని తెలిశాక, మిగిలిన సొమ్ముతో డానీ గ్రీన్‌ను, మరికొందరు అనుభవజ్ఞులను తెచ్చుకుంది. ఆగస్టులో డిమార్కస్ కజిన్స్ మోకాలు దెబ్బతినడం వల్లనే హోవార్డ్‌కు చోటు దొరికింది. కోరుకున్నదే జరిగి లెనార్డ్ వచ్చి ఉంటే, ముగ్గురు మహారాజులు, సేవకుడు ఒక్కడూ లేని కొలువు అయ్యేది. కనుక లేకర్స్ యాజమాన్యపు తెలివికి పూర్తి మార్కులు వేయను. సగం తెలివి, సగం దక్కకపోవడంలో ఉన్న అదృష్టం.

క్లిప్పర్స్ తరఫున చెప్పవలసినదీ ఉంది. జార్జ్ భుజం శస్త్రచికిత్స వల్ల మొదటి 11 మ్యాచ్‌లు ఆడలేదు, లెనార్డ్‌కు తరచూ విశ్రాంతి ఇచ్చారు, 72 మ్యాచ్‌లలో అతను ఆడింది 57, జార్జ్ ఆడింది 48. ఓర్లాండోలో కూడా బెవర్లీ, విలియమ్స్, హారెల్ వేర్వేరు కారణాల వల్ల మధ్యలో వెళ్లి రావలసి వచ్చింది. కలిసి సాధన చేసిన రోజులే తక్కువైనప్పుడు ఒకరి అడుగు ఒకరికి ఎలా తెలుస్తుంది? మరుసటి ఏడాది టైరన్ లూ కోచ్‌గా వచ్చాక ఆ జట్టు చరిత్రలో తొలిసారి పశ్చిమ విభాగం ఫైనల్‌కు చేరింది కూడా, అప్పటికే లెనార్డ్ మోకాలి లిగమెంటు తెగి బయట కూర్చున్నాడు. అయినా నా అభిప్రాయం మారదు. గాయాలు లేని ఆ ఏడో మ్యాచ్‌లో ఇద్దరూ కోర్టు మీదే ఉన్నారు.

ఒకే పనికి ఇద్దరు అన్న తప్పుకు ఆ వేసవిలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఫిలడెల్ఫియా. జోయెల్ ఎంబీడ్ అనే మేటి సెంటర్ ఉండగా, పది కోట్ల డాలర్లకు పైగా పోసి అల్ హోర్ఫర్డ్ అనే మరో సెంటర్‌ను తెచ్చుకుంది. చివరి నిమిషాల్లో ఆట నడిపే జిమ్మీ బట్లర్‌ను మాత్రం మయామికి పోనిచ్చింది. ఫిలడెల్ఫియా తూర్పు విభాగంలో ఆరో స్థానంలో నిలిచి మొదటి రౌండ్‌లో బోస్టన్ చేతిలో 4-0తో ఓడింది. బట్లర్ చేరిన మయామి ఐదో స్థానం నుంచి లేచి ఫైనల్స్ దాకా వెళ్లింది. బామ్ అడెబాయో, టైలర్ హీరో, డంకన్ రాబిన్సన్‌ల మధ్య తెగువతో ముందుకు దూకేవాడు లేని లోటును బట్లర్ ఒక్కడే తీర్చాడు. ఖర్చుకు తగ్గ ఫలితం అన్న కొలతతో చూస్తే మయామిదే ఆ వేసవి ఉత్తమ బేరమని వాదించేవారితో నేను గట్టిగా పోట్లాడను.

బ్రూక్లిన్ గురించి అడిగేవారికి పెద్దగా చెప్పేదేమీ లేదు. మడమ నరం తెగిన కెవిన్ డ్యురాంట్, అతని మిత్రుడు కైరీ అర్వింగ్ వచ్చారు, తరువాత జేమ్స్ హార్డెన్ చేరాడు, ముగ్గురూ కలిసి ఆడినవి 16 మ్యాచ్‌లు, గెలిచినది ఒక్క ప్లేఆఫ్ సిరీస్, 2023 ఫిబ్రవరికి అందరూ వెళ్లిపోయారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. హ్యూస్టన్ క్రిస్ పాల్‌ను ఇచ్చి రసెల్ వెస్ట్‌బ్రూక్‌ను తెచ్చుకుని రెండో రౌండ్‌లో లేకర్స్ చేతిలో ఓడింది. ముంబయిలో ఆ అక్టోబరులో ఆడి వెళ్లిన ఇండియానా పేసర్స్ నాలుగో స్థానం తెచ్చుకుని మొదటి రౌండ్‌లోనే ఆగింది. లెనార్డ్‌ను పోగొట్టుకున్న టొరంటో మాత్రం 53 మ్యాచ్‌లు గెలిచింది. లీగ్ దశలో అది లేకర్స్ కన్నా ఒకటి ఎక్కువ.

ఇప్పుడు లేకర్స్ వైపు మొగ్గానని ఆ యాజమాన్యం పనుల పంపకపు రహస్యాన్ని శాశ్వతంగా తెలుసుకుందని అనుకోవద్దు. టైటిల్ గెలిచి ఏడాది తిరగకుండానే, 2021లో, లెబ్రాన్ పక్కన అచ్చంగా లెబ్రాన్ పనే చేసే వెస్ట్‌బ్రూక్‌ను తెచ్చి, అందుకోసం కైల్ కుజ్మా, కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌లాంటి సహాయకులను వదులుకుంది. ఆ సీజన్‌లో 33 గెలుపులు, 49 ఓటములు. అదే యాజమాన్యం, అదే లెబ్రాన్, అదే డేవిస్.

ఇక మిగిలినది ఇచ్చిన ధర సంగతి. న్యూఆర్లీన్స్‌కు వెళ్లిన ఇంగ్రమ్ తొలి ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు, కానీ అక్కడ టైటిల్ ఊసే రాలేదు కాబట్టి లేకర్స్ చెల్లించిన ధర ఎవరినీ పెద్దగా బాధించదు. 2025 ఫిబ్రవరిలో లూకా డాంచిచ్ కోసం డేవిస్‌నే డాలస్‌కు పంపి, పాత పెట్టుబడి మీద ఇంకోసారి రాబట్టుకుంది కూడా. క్లిప్పర్స్ చెల్లించిన ధర మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. గిల్జస్-అలెగ్జాండర్ 2024-25లో ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, ఆ జూన్‌లో థండర్‌కు టైటిల్ తెచ్చి ఫైనల్స్ ఎంవీపీ కూడా అయ్యాడు. ఆ ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసిన జేలెన్ విలియమ్స్‌ను థండర్ 2022లో ఎంచుకున్నది క్లిప్పర్స్ ఇచ్చిన పిక్‌తోనే. జార్జ్ 2024లోనే ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు, అతనికి బదులుగా క్లిప్పర్స్‌కు ఎవరూ రాలేదు. 2019 జూలైలో రాసిచ్చిన జాబితాలో ఆఖరిది, 2026 మొదటి రౌండ్ పిక్.