పాత కారు బ్రేకులు పట్టేస్తుంటే, పొద్దున్నే ఇంజిన్ టిక్కుటిక్కుమంటుంటే: గాజువాక ఆటోనగర్‌లో ఓ షెడ్డు

మాది 2008 మోడల్ వ్యాగన్ ఆర్, పెట్రోల్ బండి. పెదవాల్తేరులో ఉంటాం, ఆరుబయటే పార్కింగ్. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో వైజాగ్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండు బాధలు ఒకేసారి మొదలయ్యాయి. మద్దిలపాలెం దాటి ట్రాఫిక్‌లో నాలుగు బ్రేకులు వేసేసరికి బండి ఎడమకి లాగేది. పెడల్ వదిలినా వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టు కదిలేది కాదు. ఎన్‌ఏడీ జంక్షన్ చేరేసరికి కాలిన వాసన. ఇంకోటి, పొద్దున్న స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని చప్పుడు. రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే పోయేది.

మొదట చూపించిన ఏసీ వెయిటింగ్ హాల్ ఉన్న సర్వీస్ సెంటర్ పేరు వద్దులెండి. బండి మధ్యాహ్నం దాకా క్యూలో నిలబడింది. వాళ్లు చూసేసరికి చక్రం హాయిగా తిరుగుతోంది, నేను నడిపి తెచ్చిన ఇంజిన్ వేడి ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి చప్పుడూ లేదు. అయినా రెండు క్యాలిపర్లు (చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగాలు), డిస్కులు, ప్యాడ్లు, ట్యాపెట్ పని (ఇంజిన్ వాల్వుల దగ్గర సందు సరిచేయడం) అని 16 వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పైగా "ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి మేడమ్" అని సలహా ఒకటి.

ఆటోనగర్ షెడ్డుకి బోర్డు కూడా సరిగ్గా లేదు. లేత్ షాపుల వరసలో, రేకుల కింద నాలుగు బళ్లు పట్టే చోటు. మేస్త్రి గారు నా మాట మొత్తం విని, "బ్రేకు వేడి మీదే దొరుకుతాదమ్మా, ఆ సప్పుడు సల్లారాకే దొరుకుతాది. ఈ రాత్రికి బండి ఇక్కడే ఉంచెయ్యండి" అన్నారు. రివ్యూ రాయడానికి నాకు ఈ ఒక్క మాట చాలు.

ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బ్రేకులు తొక్కుతూ స్టీల్‌ప్లాంట్ రోడ్డు మీద ఓ చుట్టు తిప్పారు. దిగగానే నాలుగు చక్రాల దగ్గరా చేతి వెనకవైపు పెట్టి చూశారు. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి నిలవలేదు. వెంటనే జాకీ ఎత్తితే చక్రం బిగుసుకుపోయి ఉంది. చాలామంది ఇక్కడే క్యాలిపర్ విప్పేస్తారు. ఈయన క్యాలిపర్‌కి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైన, ఇనప పైపు కలిసే చోట నట్టు కొంచెం వదులు చేశారు. చక్రం కదల్లేదు. దాన్ని బిగించి, కింద క్యాలిపర్ మీదున్న బ్లీడింగ్ నిపిల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) అర తిప్పు విప్పారు. ఆయిల్ చుయ్‌మని చిమ్మింది, చక్రం వేలితో తోస్తే తిరిగింది! అంటే పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మంచిదే, క్యాలిపర్‌లోని పిస్టన్ మంచిదే. ప్రెషర్ మధ్యలో రబ్బరు హోస్‌లో చిక్కుకుపోతోంది. పైకి చెక్కుచెదరనట్టు కనిపించే హోస్ లోపల ఉబ్బి దారి మూసేస్తుందట. తొక్కినప్పుడు మన కాలి బలానికి ఆయిల్ ముందుకి పోతుంది గానీ, వదిలాక వెనక్కి రాలేదు. కాసేపు నిలబెడితే మెల్లగా జారిపోతుంది, అందుకే ఆ సర్వీస్ సెంటర్ క్యూలో చక్రం బుద్ధిగా ఉంది.

రెండు పక్కలా హోస్‌లు మార్చారు. కుడి క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు తుప్పుతో ఎండిపోతే శుభ్రం చేసి, మామూలు గ్రీజు కాకుండా బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాశారు. మామూలుదైతే రబ్బరు ఉబ్బుతుంది. బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసున్న డాట్ 3 రకం ఆయిలే, కొత్త డబ్బా సీలు నా ముందే తీసి పోశారు.

చప్పుడు సంగతి మర్నాడు పొద్దున్న. నేను ఫస్ట్ బస్సులో వెళ్లాను, నేను వచ్చేదాకా తాళం ముట్టుకోలేదు. స్టార్ట్ చేసి, పెట్రోల్ పైపు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొసతో ఇంజిన్ అంతా వెతికారు. ట్యాపెట్ కవర్ దగ్గర చప్పుడు పల్చన, ఇంజిన్ పొగని బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర ఫట్‌ఫట్. కుర్రాడు సైలెన్సర్ మూతికి ఒక్క క్షణం గుడ్డ అడ్డం పెట్టాడు, చప్పుడు రెట్టింపైంది. మ్యానిఫోల్డ్ మీది రేకు విప్పితే, అతుకులో ఉండే గాస్కెట్ అంచున నల్లటి మసి, దాన్ని బిగించి ఉంచే ఒక స్టడ్ తెగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ కొడుతుంది, వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. ట్యాపెట్లకి కూడా సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశారు, కొలత సరిగ్గానే ఉంది, ముట్టుకోలేదు.

మొత్తం 4,900. అందులో 500 చూసినందుకు. పని అక్కడ చేయించినా మానినా ఆ 500 ఇవ్వాలి. కొందరికి నచ్చదట. నాకైతే న్యాయమే అనిపించింది, పనికొచ్చింది ఆ చూపే కదా.

ఇక విసుగు పుట్టించేవి. ఫోన్ ఎత్తరు. సాయంత్రానికి ఇస్తానన్న బండి మర్నాటికి గానీ రాలేదు, తెగిన స్టడ్ తీయడానికి లేత్ అతను దొరకలేదట. కూర్చోడానికి పాత టైరే గతి. బిల్లు డైరీ కాగితం మీద. కంప్యూటర్ స్కానర్ లేదు కాబట్టి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగే కొత్త బళ్లు తీసుకెళ్లకండి, ఆయనే పంపించేస్తారు. వెనక డ్రమ్ముల హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టిందని చెప్పారు గానీ మార్చే టైము దొరకలేదు. అందాకా చదునుగా ఉన్నచోట హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టుకోమన్నారు.

వెళ్తే సాయంత్రం నాలుగు లోపు వెళ్లండి, రాత్రికి బండి వదిలేసే ఏర్పాటుతో. సోమవారం మాత్రం వద్దు, ఆదివారం ఆగిన బళ్లన్నీ ఆ రోజే అక్కడ ఉంటాయి.