తాడోబా: కోర్ మేలా, బఫర్ మేలా?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మంచిర్యాల, కరీంనగర్ చుట్టాలు బల్లార్షాలో రైలు దిగుతారు. ఆవకాయ జాడీతో పాటు ఓ ప్రశ్న కూడా దింపుతారు: "తాడోబాకి ఎటు నుంచి పోదాం? కోరా, బఫరా?" తాడోబా అంటే మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి పులుల అడవి. కోర్ అంటే దాని నడిమి రక్షిత భాగం, బఫర్ అంటే చుట్టూ ఉన్న అంచు.

పులి ఒక్కటే కావాలంటే నా ఓటు బఫర్‌కే. జునోనా, అగర్‌జరీ, దేవాడా గేట్లు చంద్రపూర్‌కు దగ్గర. ఖర్చు కోర్ కంటే తక్కువ, బుకింగ్ టెన్షనూ తక్కువే. తల్లిని వదిలిన కుర్ర పులులు సొంత జాగా వెతుక్కుంటూ ఈ అంచుల్లోకీ వస్తుంటాయి. ఏప్రిల్, మే ఎండల్లో నీటిగుంట దగ్గర జిప్సీ (సఫారీ జీపు) ఆపి ఓపిగ్గా కూర్చుంటే ఇక్కడి అవకాశాలు కోర్‌కేమీ తీసిపోవు.

కాకపోతే బఫర్‌లో ఊళ్లున్నాయి. పశువుల మందలు, బైకులు ఎదురవుతుంటే అడవిలో ఉన్నామనిపించదని మా బావగారు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ ఊళ్లూ చూడదగ్గవే. ఇప్పపువ్వుకో తునికాకుకో వెళ్లి పులి బారిన పడేది అక్కడివాళ్లే. మనం డబ్బిచ్చి వెతికే జంతువు వాళ్లకు రోజూ ప్రాణభయం. జిప్సీలో గైడుగా వచ్చేది ఆ చుట్టుపక్కల అమ్మాయో అబ్బాయో అయితే, మన డబ్బులో కొంతైనా అక్కడే ఉంటుంది.

అడవి కోసం వెళ్లేవాళ్లు మాత్రం కోర్‌కే వెళ్లాలి. 1955లో నేషనల్ పార్క్ అయిన తాడోబా, 1986 నాటి అంధారీ అభయారణ్యం కలిపి సుమారు 625 చదరపు కిలోమీటర్లు. మొహర్లీ గేటు దాటాక టేకు, వెదురు మధ్య దారి. పక్కన గోండు రాజుల కాలపు రాతి స్తంభాలు, ముందుకెళ్తే తాడోబా చెరువులో మొసళ్లు. రేచుకుక్కల గుంపో, అడవిదున్నలో ఎదురైతే పులి కనబడకపోయినా ఆ పూట దండగ కాదు. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పిల్లలు గునుస్తారు గానీ, నన్నడిగితే అదే మేలు. మంగళవారం సెలవు. జులై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు కోర్ మూత, అప్పుడు కొన్ని బఫర్ గేట్లే గతి.

ఆదిలాబాద్ వాళ్లు చంద్రపూర్ దాకా రానక్కర్లేదు. పెన్‌గంగ దాటి నాగ్‌పూర్ హైవే మీద పాండర్‌కవడా చేరితే పక్కనే తిపేశ్వర్ అభయారణ్యం. అడవి చిన్నది, 148 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2019లో తెలంగాణ మీదుగా 1,300 కిలోమీటర్లకు పైగా నడిచి మహారాష్ట్రలోనే ఉన్న జ్ఞానగంగ అభయారణ్యం చేరిన మగపులి ఇక్కడిదే. అన్ని రకాల జంతువులు కావాలంటే తాడోబాతో పోటీ పడలేదు గానీ, ఒక్కరోజులో వెళ్లిరావాలంటే వాళ్లకు అదే సులువు.

పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఎక్కడైనా పొద్దుటి సఫారీయే తీసుకోండి. మే నెల మధ్యాహ్నం ఇక్కడి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, జిప్సీకి పైకప్పుండదు.